గట్టి బంగారు నగ: ముద్ర చెప్పేదెంత, చెప్పనిదెంత?

నీలిచుక్క · #1

నమస్కారం. రెండు గొలుసుల మధ్య తేల్చుకోలేకపోతున్నాను. రెండూ 12 గ్రాములే, పొడవూ అల్లికా ఒకటే. ఒకదాని మీద 750 అని, రెండోదాని మీద 916 అని ముద్ర ఉంది. చూడ్డానికి మాత్రం 750 గొలుసు బాగా లావుగా, నిండుగా ఉంది. 916ది దాని పక్కన సన్నగా తేలిపోతోంది. రెండూ గట్టి బంగారమే అంటున్నారు. రోజూ మెడలో ఉండాలి, పాతికేళ్ళయినా నిలవాలి, అవసరమొచ్చి అమ్మితే విలువ రావాలి. ఏది మేలు? అసలు ‘గట్టి’ అంటే ఏమని అర్థం చేసుకోవాలి? ఇంట్లో చేసుకోగల పరీక్షలు ఏమైనా ఉంటే అవి కూడా చెప్పండి.

---

గీటురాయి · #2

ముందు అంకెల సంగతి. ముద్రలో ఉండేది వెయ్యి పాళ్ళలో మేలిమి ఎన్ని పాళ్ళన్నది. 24 క్యారెట్లంటే మొత్తం మేలిమి. 22 అయితే 24లో 22 వంతులు, అంటే 91.67 శాతం, ముద్ర 916. 18 అయితే 750, 14 అయితే 585, 10 అయితే 417, 9 అయితే 375. మిగతా పాళ్ళు వెండి, రాగి, జింక్, తెల్ల బంగారంలోనైతే పల్లాడియమో నికెలో.

రంగు చూసి క్యారెట్ చెప్పే ప్రయత్నం చేయకండి. 750లోనే రాగి ఎక్కువ వేస్తే గులాబీ రంగు వస్తుంది, వెండి ఎక్కువ వేస్తే ఆకుపచ్చ ఛాయ వస్తుంది. రెండిటిలో బంగారం ఒకటే.

ఇక ‘గట్టి’. ఈ మాటను వర్తకంలో రెండు రకాలుగా వాడతారు, చిక్కంతా అక్కడే. పూత కాదు, లోపలిదాకా ఒకే లోహం అన్నది ఒక అర్థం. గుల్ల కాదు, లోపల ఖాళీ లేదు అన్నది రెండో అర్థం. గుల్ల గొలుసుని కూడా మొదటి అర్థంలో గట్టి బంగారమని అమ్మేవాళ్ళున్నారు. ముద్ర అబద్ధమేమీ కాదు, ఆ పలచటి గోడ నిజంగా 750 బంగారమే. కానీ లోపల గాలి. అందుకని ‘పూత ఉందా?’ అని ఒకసారి, ‘గుల్లా?’ అని ఇంకోసారి విడివిడిగా అడగండి. రెండో జవాబు బిల్లు మీద రాయించుకోండి.

---

కొలిమి · #3

గీటురాయి గారు చెప్పిన రెండో అర్థమే ఇక్కడ అసలు ప్రశ్న అనిపిస్తోంది. ఒకే బరువు, ఒకే పొడవు ఉన్న రెండు గొలుసుల్లో 750ది కొంచెం లావుగా ఉండటం సహజమే, దాని సాంద్రత తక్కువ కాబట్టి. కానీ ‘కొంచెం’ అంటే చాలా కొంచెం. మీరు రాసిన ‘బాగా లావు’ దగ్గర నాకు అనుమానం. మందం కొలిచే డిజిటల్ వెర్నియర్‌తో రెండిటి కడియాల (గొలుసులోని ఒక్కో వలయం) తీగ మందం కొలిచి పెట్టగలరా? కడియం వెడల్పు కాదు, తీగ మందం.

---

నీలిచుక్క · #4

కొలిచాను. 916 గొలుసు తీగ 0.8 మి.మీ., 750ది 1.2 మి.మీ. కడియాల సైజు, సంఖ్య దాదాపు సమానం.

---

కొలిమి · #5

అయితే మీ లావు గొలుసు గుల్లది. లెక్క చూడండి.

22 క్యారెట్ల సాంద్రత ఘన సెంటీమీటరుకు 17.8 గ్రా. చొప్పున వేసుకుంటే 12 గ్రా. అంటే 0.67 ఘ.సెం. లోహం. 18 క్యారెట్లకు 15.5 చొప్పున 0.77 ఘ.సెం. అంటే ఘనపరిమాణంలో తేడా 15 శాతం. పొడవు ఒకటే కాబట్టి మందంలో తేడా దాని వర్గమూలం, 7 శాతం. 916 తీగ 0.8 అయినప్పుడు గట్టి 750 తీగ 0.86 దగ్గర ఉండాలి. మీకు 1.2 వచ్చింది. ఆ మందంతో లోపలిదాకా లోహమే ఉంటే గొలుసు సుమారు 23 గ్రాములు తూగాలి. 12 తూగిందంటే సగం ఖాళీ.

ఆ ఖాళీని తీగ మధ్యలో పెట్టి లెక్కిస్తే గోడ మందం 0.18 మి.మీ. వస్తుంది. దీని ఫలితం కొన్నాళ్ళకు గానీ తెలియదు. గొలుసు అరిగేది పైన కాదు, ఒక కడియం ఇంకో కడియంలో కూర్చునే చోట. ఎంత వాడినా బయటి వంపు మెరుస్తూనే ఉంటుంది, లోపలి వంపులో మాత్రం గాడి పడుతూ పోతుంది. ఆ గాడి 0.2 మి.మీ. లోతుకి వెళ్ళిందనుకోండి. 0.8 తీగలో ఇంకా 0.6 మిగిలి ఉంటుంది, ఏళ్ళ తరబడి వాడొచ్చు. 0.18 గోడకు మాత్రం చిల్లు పడుతుంది. ఆ చిల్లులోంచి చెమట, సబ్బు నీళ్ళు లోపలికి దిగుతాయి, తర్వాత ఆ కడియం అక్కడే తెగుతుంది.

మరమ్మత్తు కూడా కష్టమే. టంకం పెడదామని మంట చూపిస్తే పలచటి గోడ ఇట్టే కుంగిపోతుంది. పూర్తిగా మూసుకున్న గుల్లయితే లోపలి గాలి వేడికి వ్యాకోచించి గోడను చీల్చనూవచ్చు. లేజర్ వెల్డింగ్‌తో కొంతవరకు అతకొచ్చు, దానికి వేడి ఒక్క చుక్క మేరే తగులుతుంది. అయినా అరిగిన కడియాలు ఒకటీ రెండూ ఉండవు, అన్నీ ఒకే తీరున అరుగుతాయి.

గుల్ల నగలన్నీ పనికిరానివని కాదు. పెద్ద చెవిపోగులు గుల్లగానే ఉండాలి, గట్టిగా చేస్తే చెవి తమ్మె సాగుతుంది. అప్పుడప్పుడూ పెట్టుకునే లావు గాజుకీ ఫరవాలేదు, సొట్ట పడకుండా చూసుకోగలిగితే. రోజూ వేసే గొలుసుకి, ఉంగరానికి మాత్రం వద్దు.

---

సన్నపోగు · #6

ఒక సందేహం. 18 క్యారెట్లది 22 కంటే గట్టిగా ఉంటుంది కదా, గీతలు కూడా తక్కువ పడతాయి. మరి పాతికేళ్ళు నిలవాలంటే 750నే ఎంచుకోవాలి కదా? (గుల్లది కాదు, గట్టి 750 గురించే అడుగుతున్నాను.)

---

పాదరసం · #7

గట్టిదనం వరకు మీ మాట నిజమే. మేలిమి బంగారం మరీ మెత్తన, మోస్ కొలతలో 2.5 దగ్గర ఉంటుంది. రాగి పరమాణువుల సైజు వేరు కాబట్టి అవి కలిసినప్పుడు స్ఫటికంలో పొరలు ఒకదాని మీద ఒకటి తేలిగ్గా జారలేవు. 22 కంటే 18 గట్టిపడేది అందుకే.

కానీ గట్టిదనం, మన్నిక ఒకటి కాదు. మేలిమి పాళ్ళు తగ్గేకొద్దీ రసాయనాల బెడద పెరుగుతుంది. గాలిలోని గంధకానికి నల్లబడేది బంగారం కాదు, అందులోని వెండీ రాగీ. ఈత కొలనులోని క్లోరిన్, బట్టలకు వాడే బ్లీచు అంతకంటే ప్రమాదం. 14 క్యారెట్లు, అంతకు దిగువ ఉన్నవాటిలో, ముఖ్యంగా నికెల్ కలిపిన తెల్ల బంగారంలో, ఒత్తిడి ఉన్న చోట కంటికి కనిపించని పగుళ్ళు వస్తాయి. రాయిని పట్టుకున్న పళ్ళు, కొక్కెం స్ప్రింగు దగ్గరి వంపు లాంటి చోట్లన్నమాట. పైకి ఏ మచ్చా ఉండదు, ఒకరోజు పన్ను ఊడి రాయి పడిపోతుంది. 22 క్యారెట్లలో ఈ బాధ చాలా తక్కువ.

పాదరసానికి మాత్రం ఏ క్యారెట్టూ ఆగదు. పాత థర్మామీటరు పగిలినప్పుడు చేతికి ఉంగరం ఉంటే ముందు దాన్ని దూరంగా పెట్టండి. తాకిన చోట బంగారం పాదరసంతో కలిసి తెల్లటి మచ్చవుతుంది, రుద్దితే పోదు. పాదరసం అంటిన నగను మంటలో పెట్టి బాగుచేయమని ఎవరికీ ఇవ్వకండి. ఆ ఆవిరి విషం.

---

కొలిమి · #8

పనివాడి వైపు నుంచి చెప్తే: రాళ్ళు పొదిగే ఉంగరానికి 750 బావుంటుంది. 916 పళ్ళు మెత్తగా ఉండి బట్టకి తగులుకున్నప్పుడల్లా కొంచెం కొంచెం లేస్తాయి. రాళ్ళు లేని గొలుసు, గాజు, సాదా ఉంగరం అయితే 916 చక్కగా సరిపోతుంది. ఉంగరం వలయం మందం అడుగున, అంటే అరచేతి వైపు, 1.5 మి.మీ.కి తగ్గకుండా చూసుకోండి. అక్కడే ఎక్కువ అరుగుతుంది, చాలామంది తయారీదారులు బరువు తగ్గించేదీ అక్కడే. పైన దిట్టంగా ఉండి అడుగున కాగితంలా ఉన్న ఉంగరాన్ని సైజు మార్చమని తెస్తే అతుకు నిలవదు.

750నీ 916నీ ఒకే మెడలో, ఒకే వేలికి పక్కపక్కన వేయకండి. మెత్తనిదాన్ని గట్టిది అరగదీస్తుంది. వజ్రం ఉంగరం పక్కనున్న సాదా ఉంగరాన్నయితే ఆకురాయి రాసినట్టే కోస్తుంది.

---

తూనికరాయి · #9

ఇంటి పరీక్ష అడిగారు. నిజంగా పనికొచ్చేది ఒకటే, నీటిలో తూచడం. 0.01 గ్రా. దాకా చూపే చిన్న తూకం కావాలి.

నగను సబ్బు నీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి తూచండి. తర్వాత తూకం మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. నగను సన్నటి నైలాన్ దారంతో కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి, అడుగుకీ గోడకీ తగలకూడదు. ఇప్పుడు తూకం చూపే అంకె నగ పక్కకి నెట్టిన నీటి బరువు. మొదటి బరువుని దీనితో భాగిస్తే సాంద్రత వస్తుంది. 8.00 గ్రాముల ఉంగరం నీటిలో 0.45 చూపిస్తే 17.8 వస్తుంది, అది 22 క్యారెట్ల హద్దులో ఉన్నట్టే.

మేలిమి 19.3. 22 క్యారెట్లు 17.6 నుంచి 18 దాకా, 18 క్యారెట్లు 15 నుంచి 16 దాకా, 14 క్యారెట్లు 13 నుంచి 14 చిల్లర దాకా. ఇంత వెడల్పు హద్దులెందుకంటే కలిపిన లోహం రాగి (8.96) అయితే అంకె దిగుతుంది, వెండి (10.49) అయితే పైకెళుతుంది.

తప్పులు ఎక్కువగా జరిగే చోట్లు: మొదటిది గాలి బుడగలు. గొలుసు కడియాల మధ్య, చెక్కడం సందుల్లో బుడగలు పట్టుకుంటే నీటి బరువు ఎక్కువ చూపి సాంద్రత తక్కువ వస్తుంది. నీటిలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి, నగను నెమ్మదిగా ఊపి బుడగలు వదిలించండి. రెండోది నగ మరీ తేలికగా ఉండటం. 2 గ్రాముల పోగు 22 క్యారెట్లదైతే నీటిలో 0.11 చూపాలి. తూకం ఒక్క మెట్టు జరిగి 0.12 చూపిందా, సాంద్రత 18.2 నుంచి 16.7కి పడిపోతుంది. కాబట్టి 5 గ్రాముల లోపు వస్తువులకి ఈ పరీక్ష మీద ఆధారపడకండి. రాళ్ళున్నవాటికి, లక్క నింపినవాటికి అసలు కుదరదు.

నీలిచుక్క గారి లావు గొలుసు నీటిలో వేస్తే భలే ఉంటుంది. ఖాళీలు మూసుకుని ఉంటే అంకె 8 చుట్టుపక్కల వస్తుంది, అంటే ఇత్తడి కంటే తక్కువ! ఎక్కడైనా సందుండి నీరు లోపలికి పోతే అంకె నిమిషాల్లో మారుతూ 15 వైపు పాకుతుంది. చూస్తుండగా అంకె కదిలిందంటే గుల్ల అన్నది తేలిపోయినట్టే. అయితే ఆ నీరు మళ్ళీ ఆరడానికి రోజులు పడుతుంది, అమ్మేవాళ్ళ అనుమతి లేకుండా ముంచకండి.

---

సన్నపోగు · #10

అయస్కాంతం పరీక్ష చాలదా? అంటుకోకపోతే బంగారమే అని చాలాచోట్ల చదివాను.

---

తూనికరాయి · #11

అంటుకుంటే అనుమానించడానికి పనికొస్తుంది, అంటుకోకపోతే ఏమీ తేలదు. రాగి, ఇత్తడి, వెండి, సీసం, వీటిలో ఏదీ అంటుకోదు. అసలైన బంగారు గొలుసు కొక్కెం మాత్రం అంటుకోవచ్చు, లోపలి స్ప్రింగు ఉక్కుది కాబట్టి. పళ్ళతో కొరికి చూడటం, వెనిగర్ పోయడం లాంటివి మానేయండి. కొరికితే నొక్కు పడే లోహాల్లో సీసం కూడా ఉంది.

సాంద్రతనీ మోసం చేయగల లోహం ఒకటుంది, టంగ్‌స్టన్. దానిది 19.25, మేలిమికి వెంట్రుకవాసి తక్కువ. కానీ అది పెళుసు, దానితో గొలుసు అల్లడం చాలా కష్టం. భయం ఎక్కువ కడ్డీలకే.

---

గీటురాయి · #12

ఇంటి పరీక్షలు అయ్యాయి కాబట్టి దుకాణంలో, పరీక్ష కేంద్రంలో చేసేవాటి గురించి. వాటికీ హద్దులున్నాయి.

గీటు పెట్టడం: నల్లటి గీటురాయి మీద నగతో ఒక గీటు గీస్తారు. పక్కనే క్యారెట్ తెలిసిన సూదితో ఇంకో గీటు గీసి, రెండిటి మీదుగా ఒకేసారి ఆమ్లం రాస్తారు. ఏ గీటు ముందు పలచబడిందన్నది చూస్తారు. అనుభవమున్న కన్ను 22కీ 20కీ తేడా పట్టగలదు, 916కీ 910కీ పట్టలేదు. పూత నగయితే గీటులో పూతే రాలుతుంది, అందుకే ముందు కనబడని చోట ఆకురాయితో చిన్న గాటు పెట్టి, లోపలి లోహంతో గీటు గీయాలి. ఒక్క చోట కాదు, కొక్కెం దగ్గర, మధ్య కడియం దగ్గర విడిగా గీయాలి. ముద్ర సాధారణంగా కొక్కెం మీదే ఉంటుంది, అది చెప్పేది కొక్కెం సంగతే. కొక్కెం 916ది, గొలుసు తక్కువది అయిన నగలు లేకపోలేదు.

ఎక్స్-రే యంత్రం: నిమిషంలోపు ఏ లోహం ఎంత శాతమో చూపిస్తుంది, నగకు గీత పడదు. కానీ బంగారంలో అది చూసే లోతు 10 మైక్రాన్లకు అటూ ఇటూ. అంతకంటే మందంగా బంగారు రేకు తొడిగిన వస్తువు యంత్రానికి అచ్చం బంగారమే. ఇంకోటి, కిరణం టంకం మీద పడితే తక్కువ చూపిస్తుంది, కడియం మీద పడితే ఎక్కువ చూపిస్తుంది. కనీసం మూడు నాలుగు చోట్ల పెట్టించి చూడండి.

పుటం పరీక్ష: చివరి మాట దీనిదే. పావు గ్రాము చొప్పున నమూనా గీకి తీసుకుని, బంగారానికి రెండున్నర మూడు రెట్లు వెండి చేర్చి, సీసపు రేకులో చుట్టి, ఎముక బూడిదతోనో మెగ్నీషియాతోనో చేసిన గిన్నెలో పెట్టి కొలిమిలో 1000 డిగ్రీలు దాటిన వేడి ఇస్తారు. సీసం ఆక్సైడుగా మారి రాగినీ జింక్‌నీ వెంటబెట్టుకుని గిన్నెలోకి ఇంకిపోతుంది. మిగిలిన గుండుని రేకులా సాగగొట్టి నైట్రిక్ ఆమ్లంలో మరిగిస్తే వెండి కరిగిపోయి బంగారం ఒక్కటే నిలుస్తుంది. దాన్ని తూస్తారు. వెండి ఎందుకు కలుపుతారంటే, బంగారం పాలు ఎక్కువైతే ఆమ్లం లోపలిదాకా దిగలేదు. వెయ్యికి ఒక పాలు కంటే తక్కువ తేడాని కూడా ఇది పట్టుకుంటుంది. లోపమల్లా కాస్త లోహం పోవడమే.

మూడో మనిషి పరీక్షించి ముద్ర వేసే పద్ధతి కొత్తదేం కాదు. లండన్‌లో చిరుతపులి తల ముద్ర 1300 నుంచి ఉంది, ఏ ఏడు పరీక్షించారో చెప్పే అక్షరం 1478లో చేరింది. ఒక దేశం ముద్రని ఇంకో దేశం ఒప్పుకునే ఒడంబడిక 1972లో వియన్నాలో కుదిరింది. తయారీదారు తనే కొట్టుకున్న అంకెకీ పరీక్ష కేంద్రం వేసిన ముద్రకీ ఉన్న తేడా అదే: మొదటిది మాట, రెండోది సాక్ష్యం.

---

మంచుపూస · #13

పాత నగల్లో ‘14 కేపీ’ అని కనిపిస్తుంది. అది పూతేనా? ఇంకా ‘జీఎఫ్’, ‘హెచ్‌జీఈ’ లాంటివి కూడా ఉంటాయి.

---

గీటురాయి · #14

కేపీ పూత కాదండీ, దానికి పూర్తిగా వ్యతిరేకం. క్యారెట్ అంకె పక్కనున్న ఆ పీ అక్షరానికి ‘కచ్చితంగా అంతే, తగ్గలేదు’ అని అర్థం. దాన్ని పూత అనుకుని కారుచౌకగా వదిలేసుకునేవాళ్ళున్నారు.

పూత గుర్తులు వేరు. జీపీ, జీఈపీ, హెచ్‌జీఈ ఉంటే విద్యుత్తుతో పట్టించిన పూత. జీఎఫ్ అంటే ఇత్తడి లాంటి లోహం మీద బంగారు రేకుని వేడితో, ఒత్తిడితో అతికించినది. ‘1/20 14 కే జీఎఫ్’ అని ఉంటే మొత్తం బరువులో ఇరవయ్యో వంతు 14 క్యారెట్ల బంగారం. అందులో మేలిమి ఎంతంటే 5 శాతంలో 58.5 శాతం, 3 శాతం కూడా లేదు. మన్నికలో మామూలు పూత కంటే ఎన్నో రెట్లు నయం, కానీ బంగారంగా అమ్మబోతే చేతికొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. బంగారు రంగు నగ మీద 925 ఉంటే అది పూత పూసిన వెండి.

---

పద్దులపుస్తకం · #15

ఇంతసేపూ నాణ్యత, ఇప్పుడు విలువ. నగలో రెండు రకాల డబ్బు ఉంటుంది. లోహం విలువ ఎప్పటికీ నగతోనే ఉంటుంది. మజూరీ, తరుగు, పన్ను మాత్రం బిల్లు కట్టిన నిమిషంలోనే ఖర్చయిపోయినట్టు.

12 గ్రాముల 916లో మేలిమి 11 గ్రా. 12 గ్రాముల 750లో 9 గ్రా. గ్రాముకి ఎంత అన్నది పక్కన పెట్టి, ‘మేలిమి గ్రాముకి నేను ఎంత ఇస్తున్నాను?’ అని అడగండి. బిల్లు మొత్తాన్ని మేలిమి గ్రాములతో భాగించండి, దాన్ని ఆ రోజు 24 క్యారెట్ల రేటుతో పోల్చండి. ఎంత శాతం ఎక్కువొచ్చిందో అదే మీరు బంగారం కాని దానికి కడుతున్నది. మజూరీ ఒక చోట, తరుగు ఒక చోట, రాళ్ళ ఖర్చు ఇంకో చోట రాసి ఎలా చీల్చినా ఈ ఒక్క అంకెలో అంతా బయటపడుతుంది. 22 క్యారెట్ల నగ బరువుకి 24 రేటు వేసిన బిల్లు కూడా ఇక్కడే దొరికిపోతుంది. ఆ ఒక్క కిటుకులో 9 శాతం పోతుంది.

ఎన్నాళ్ళకి గిట్టుబాటు? మజూరీ వగైరా కలిపి 15 శాతం ఇచ్చారు, అమ్మేటప్పుడు 3 శాతం కోశారు అనుకుందాం. 115ని 97తో భాగిస్తే 1.186. అంటే బంగారం రేటు 18.6 శాతం పెరిగేదాకా మీరు నష్టంలోనే ఉన్నారు. మజూరీ 5 శాతమైతే 8.2 పెరిగితే చాలు. సాదా గొలుసుకీ సన్నటి జాలీ పనికీ విలువలో ఉన్న తేడా ఇదే.

‘బంగారం ఎప్పుడూ పెరుగుతుంది’ అన్న మాటని కూడా కాస్త తగ్గించి వినండి. 1980 జనవరిలో డాలర్లలో చేరిన శిఖరాన్ని మళ్ళీ అందుకున్నది 2008లో. మధ్యలో ద్రవ్యోల్బణాన్ని లెక్కేస్తే ఇంకా ఆలస్యం. నగను వేసుకోవడానికి కొనండి, అందులోని లోహం అక్కరకొస్తుంది. రాబడి కోసమే అయితే మజూరీ లేని కడ్డీ ఉంది.

---

జాలీపని · #16

పద్దులపుస్తకం గారూ, మజూరీ అంతా గాలికి పోయినట్టేనంటే ఒప్పుకోను. చేతిపని నిజంగా గొప్పదైతే, తయారీదారు ముద్ర స్పష్టంగా ఉండి, మరమ్మత్తులు లేకుండా ఉంటే, పాత నగ కరిగించిన విలువకి ఎన్నో రెట్లు పలుకుతుంది. వేలంపాటల్లో అమ్ముడుపోయేది బరువు కాదు. అలాంటి నగను తెలియక మూసలో వేయించేస్తే పని విలువంతా ఆవిరైపోతుంది. కనీసం పాతవి, ముద్రలున్నవి కరిగించేముందు ఒకసారి జాలీపనీ తయారీదారు ముద్రా తెలిసినవాళ్ళకి చూపించమని చెప్పండి.

---

పద్దులపుస్తకం · #17

అది నిజమే, కానీ అవి వెయ్యిలో ఒకటి. ఈరోజు కౌంటరులో ఉన్న అచ్చు పోసిన డిజైనుకి రేపు ఆ గతి పడుతుందని మజూరీ ఎక్కువ ఇవ్వకండి. పాతవి చూపించాకే కరిగించండన్న మాటకి మాత్రం నా ఓటు కూడా.

రాళ్ళ విషయం ఒకటి చేరుస్తాను. రాయి క్యారెట్ బరువు కొలత, 0.2 గ్రా. బంగారం క్యారెట్ శుద్ధి కొలత. బిల్లులో మొత్తం బరువు, రాళ్ళ బరువు, నికర బంగారం మూడూ విడివిడిగా ఉండాలి. రాళ్ళనీ లక్కనీ బంగారం రేటుకి కొన్నవాళ్ళకి అమ్మేటప్పుడు అది తీసేసి తూచినప్పుడే సంగతి అర్థమవుతుంది.

---

మంచుపూస · #18

916 అని ముద్ర ఉన్నా కరిగిస్తే తక్కువ వచ్చిందంటారు. అది మోసమేనా?

---

కొలిమి · #19

ఎప్పుడూ కాదు. టంకం అసలు లోహం కంటే తక్కువ వేడికి కరగాలి, లేకపోతే అతుకుతో పాటు నగ కూడా కారిపోతుంది. అందుకు దానిలో వేరే లోహాలు ఎక్కువ వేస్తారు. 12 గ్రాముల నగలో 0.4 గ్రా. 750 టంకం ఉందనుకోండి, మొత్తం కరిగిస్తే 916 కాస్తా 910 చిల్లర అవుతుంది. ప్రతి కడియానికీ అతుకున్న సన్న గొలుసులో ఇంకా తగ్గుతుంది, అతుకే లేకుండా పోత పోసిన చేతి కడియంలో తగ్గదు. నగ శుద్ధికి సరిపోయే టంకమే వాడే పద్ధతి ఉంది, దాన్నే అడగండి. కాడ్మియం టంకం వద్దనండి. అది 767 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది, పనివాడి ఊపిరితిత్తులకి చేటు.

910 వస్తే టంకం అనుకోవచ్చు, 880 వస్తే అనుకోకూడదు.

---

సన్నపోగు · #20

తెల్ల బంగారం గురించి ఎవరూ చెప్పలేదు. ఏడాది తిరక్కుండా పసుపు తేలుతుంది ఎందుకు?

---

పాదరసం · #21

ఆ మెరుపు రోడియం అనే తెల్లటి లోహపు పూతది. మందం మైక్రాన్ లోపే. కింద ఉన్న 750 సహజంగానే లేత పసుపు, బూడిద ఛాయలో ఉంటుంది. ఉంగరానికి ఏడాది రెండేళ్ళకోసారి మళ్ళీ పట్టించాలి, చెవిపోగులకి చాలాకాలం ఆగుతుంది. ఇది నాణ్యత లోపం కాదు, నిర్వహణ ఖర్చు. కొనేముందే లెక్కలో వేసుకోండి. చర్మానికి నికెల్ పడనివాళ్ళు పల్లాడియం కలిపినదే అడగాలి, రోడియం అరిగిన రోజున నికెల్ బయటపడుతుంది.

---

నీలిచుక్క · #22

అందరికీ ధన్యవాదాలు. లావు గొలుసు వదిలేశాను. 916 తీసుకునేముందు చూడాల్సినవి, తీసుకున్నాక చేయకూడనివి రెండు ముక్కల్లో చెప్తారా?

---

కొలిమి · #23

గొలుసుని వేలి మీద వేసి ఒంపు చూడండి. ఎక్కడైనా బిగుసుకుని మెలికపడితే అక్కడ టంకం పక్క కడియానికి పాకింది, అక్కడే తెగుతుంది. కొక్కెం తగిలించే చివరి వలయం అతికి ఉందా, ఊరికే నొక్కి వదిలారా అన్నది భూతద్దంతో చూడండి. పోయే గొలుసుల్లో ఎక్కువ అక్కడ జారేవే. అతకమని అడిగితే అయిదు నిమిషాల పని. గుండ్రటి స్ప్రింగు వలయపు కొక్కెం కంటే లాబ్‌స్టర్ (కొండి ఆకారపు) కొక్కెం మన్నుతుంది.

కడగడానికి గోరువెచ్చని నీళ్ళు, తేలికపాటి సబ్బు, మెత్తటి బ్రష్షు. టూత్‌పేస్టు వద్దు, అందులో పొడి లోహాన్ని గీకుతుంది. మెడ మీద నల్లటి చార కనబడితే బంగారం కల్తీ అని కంగారు పడకండి, ముఖానికి రాసే పౌడర్లలోని గరుకు పొడి నగని సన్నగా అరగదీస్తే అలా వస్తుంది. పౌడరు ముందు, గొలుసు తర్వాత. ఊరికే మెరుగు పెట్టించకండి, చక్రం మీద పెట్టిన ప్రతిసారీ కొంత లోహం దుమ్మయి పోతుంది.

కొన్న రోజు బరువు 0.01 గ్రా. దాకా రాసి పెట్టుకోండి, ఏడాదికోసారి తూచండి. బరువు తగ్గుదల కంటే ముందు లోపలి వంపు చూడండి. 0.8 తీగ ఎక్కడైనా 0.5కి వచ్చిందంటే ఆ కడియాలు మార్పించే సమయం వచ్చినట్టే.

---

నీలిచుక్క · #24

ఆ చివరి వలయం అతికిలేదు, ఇప్పుడే భూతద్దంతో చూశాను. సన్నటి గీత కనబడుతోంది. అతికించి ఇమ్మని చెప్పాను.

---

కొలిమి · #25

అతికాక మళ్ళీ తూయించండి, బిల్లు బరువు మారితే సరిచేయించుకోండి. టంకం ఏ శుద్ధిదో కూడా అడగండి.